డ్రైవరుకు తమ్ముడు లేని నవల

నా సలహా కోరి ఉత్తరం రాసినవారు చంద్రగిరి వైపు పల్లెలో పుట్టి, తిరుపతిలో ఉద్యోగం చేస్తున్న ముప్పై మూడేళ్ళ వ్యక్తి. తల్లి పోయిన తరువాత పదమూడో ఏట నుంచి అన్నావదినల దగ్గర పెరిగారు. అన్న ఒకప్పుడు ఎర్రచందనం దుంగల బండి నడిపి పట్టుబడి, కొంతకాలం జైలులో ఉండి వచ్చి, ఇప్పుడు ఆవులను పెట్టుకుని పాలు పోసుకుంటూ బతుకుతున్నారు. ఆ సంగతులతో ఈయన ఒక క్రైమ్ థ్రిల్లర్ రాసి, కథాసంగ్రహాన్నీ మొదటి మూడు అధ్యాయాలనూ నాకు పంపారు. పేర్లు మార్చితే చట్టంతో చిక్కు వస్తుందా, కలం పేరుతో పోటీకి పంపవచ్చునా అన్నవి ఆయన ప్రశ్నలు. ఆరు పేజీల ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: "వదిన నాలుగు నెలలుగా నాతో మాట్లాడటం లేదు, అన్నం మాత్రం పెడుతుంది."

మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పి పక్కన పెడతాను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం 356వ సెక్షను కింద నేరం. పేరు మార్చినా, చదివినవారికి ఆ మనిషి ఎవరో తెలిసిపోతే పేరు మార్పు మిమ్మల్ని కాపాడదు. తమిళనాడులో మరణశిక్ష పడిన ఒక ఖైదీ ఆత్మకథ విషయంలో సుప్రీంకోర్టు 1994లో చెప్పిన తీర్పు ఒకటి ఉంది. కోర్టు కాగితాల వంటి బహిరంగ రికార్డులలో ఉన్న సంగతులను ఆ మనిషి అనుమతి లేకుండానే ప్రచురించవచ్చునని, వాటిని దాటి ఒకరి సొంత జీవితంలోకి, సంసారంలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదని దాని సారాంశం. మిగిలినది వకీలును అడగండి. నేను ఆ తీర్పును ఎత్తినది వేరే కారణానికి. మీ అన్నగారి అరెస్టు కాగితాలలో ఉంది. మీ వదినగారు మీ ఒక్కరికి మాత్రమే చెప్పుకున్న సంగతి ఏ కాగితంలోనూ లేదు.

ఆ సంగతినే మీరు నవలకు మలుపుగా పెట్టారు. అది ఏమిటో ఉత్తరం మూడో పేజీలో మీరు రాశారు. నేను దాన్ని ఇక్కడ రాయను. అది మీది కాదు, నాది అంతకన్నా కాదు.

కథాసంగ్రహం చదివిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. అడవిని, దారిని మీరు బాగా రాశారు. జవ్వాది కొండల నుంచి వచ్చిన కూలీలు రాత్రంతా దుంగలు మోసి రోడ్డు అంచుకు చేర్చడం, ముందు పైలట్ బండి పోవడం, భాకరాపేట కనుమలో దీపాలు ఆర్పి లారీ నడపడం కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. అయితే రెండో అధ్యాయంలో లారీ తలుపు తెరవగానే చందనపు పరిమళం గుప్పుమన్నదని రాశారు. ఎర్రచందనానికి శ్రీగంధం వాసన ఉండదని, దాని విలువంతా చేవలోని ఎరుపులోనే ఉందని శేషాచలం అంచున పుట్టిన మీకు నేను చెప్పనక్కరలేదు. పాఠకుడి కోసం చెట్టుకు లేని వాసనను పెట్టగలిగారు. అదే ఉత్తరంలో, వదిన పాత్రను ఎందుకు మార్చలేదన్నదానికి మాత్రం "అది నిజం కాబట్టి మార్చడానికి మనసు ఒప్పలేదు" అని రాశారు. చెట్టు విషయంలో ఒప్పిన మనసు ఆమె విషయంలో ఎందుకు ఒప్పలేదు? ఆ మలుపు లేకపోతే నవల నిలబడదు కాబట్టి. దానికి నిజం అని పేరు పెట్టకండి.

శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న ఒక్కరోజే ఇరవై మంది కూలీలు కాల్పులలో చనిపోయినప్పుడు, మొగుడు రాత్రిపూట బండి తాళాలు తీసుకుని బయలుదేరితే తెల్లవార్లూ వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళు ఈ కొండల కింద ఎన్ని ఊళ్ళలో ఉండేవారో నాకు తెలుసు. మీ వదినగారు అటువంటి రాత్రులు గడిపి, చెప్పుకోవడానికి తల్లి లేక, అత్త లేక, తాను పెంచిన మరిదికి చెప్పుకున్నారు. తెల్లవారుజామున లేచి సంగటి కెలికి, ఊరిబిండి నూరి మీకు క్యారేజీ కట్టిన మనిషి, మీ ఇంటర్ ఫీజుకు తన గాజులు కుదువ పెట్టిన మనిషి. ఈ వివరాలు మీ ఉత్తరంలోనివే, మొదటి పేజీలో కృతజ్ఞతతో రాసినవే. మూడో పేజీకి వచ్చేసరికి అదే మనిషి "కథకు చాలా బలమైన పాత్ర" అయ్యారు. నాకు కోపం వచ్చింది, దాచను.

కలం పేరు గురించి అడిగారు. ఈ నవలకు మొదటి పాఠకురాలు మీ అన్నగారి కూతురు. డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల చేత మీరే టైపు చేయించారు. పేర్లన్నీ మార్చిన ఆ రాతప్రతిని టైపు చేస్తూ, సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళి "అమ్మా, ఇది నువ్వేనా?" అని అడిగింది. ఇంకెవరి నుంచి దాచడానికి కలం పేరు? మనుషులు రకరకాల వేషాలు కట్టే తిరుపతి గంగజాతర చూస్తూ పెరిగినదాన్ని నేను. బైరాగి వేషానికి నామం పూసుకున్నా, తోటి వేషానికి ఒళ్ళంతా బొగ్గు పూసుకున్నా, వీధిలో నడిచి వస్తున్నది ఎవరి కొడుకో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పేస్తుంది. పేరు మార్చితే బెజవాడ పాఠకుడికి తెలియకపోవచ్చు, మీ ఊరివారికి తెలుస్తుంది, మీ అన్నగారికి ముందు తెలుస్తుంది.

రచయితకు స్వేచ్ఛ ఉండవద్దా అని మీరు రాశారు. ఉండాలి. దొంగరవాణా చేయించి, డబ్బు తిని, పట్టుబడని పెద్దల గురించి ఎంత ధైర్యంగానైనా రాయండి, నేను చదువుతాను. నమ్మి చెప్పుకున్న మనిషి మాటను అమ్ముకోవడాన్ని ఆ స్వేచ్ఛలో కలపడానికి మాత్రం నేను ఒప్పుకోను. అమ్మతో సమానమైన మనిషి అయినందుకే కాదు, దారిన పోయే మనిషి చెప్పుకున్నా ఇదే మాట చెబుతాను.

ఇంకొకటి, బహుశా మీకు ఇదే కష్టంగా ఉంటుంది. మీ నవలలో డ్రైవరుకు భార్య ఉంది, కూతురు ఉంది, మోసం చేసే మేస్త్రీ ఉన్నాడు, తమ్ముడు లేడు. అన్నగారు దుంగల బండి నడిపిన ఆ సంవత్సరం మీరు తిరుపతి హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నారని, ఎప్పుడూ లేనిది అన్నగారు ఫీజు మొత్తం ఒకేసారి కొత్త నోట్లతో కట్టారని, డబ్బు ఎక్కడిదని మీరు అడగలేదని ఉత్తరంలో మాటవరసకు రాసి ముందుకు వెళ్ళిపోయారు. నిజజీవిత అనుభవాల నుంచి రాశానంటున్నారు కదా, మీ అనుభవం అది. తెలిసీ అడగని తమ్ముడు ఆ లారీ ఎక్కకపోయినా ఆ కథలో ఉన్నాడు. అతన్ని తీసేసి, ఆ బరువంతా ఆడమనిషి మీద పెడితే నవలకు మలుపు దొరికింది, మీకు ఊపిరి ఆడింది. ఆమె మాట్లాడటం మానేసినది రహస్యం బయటపడినందుకు మాత్రమే అని నేను అనుకోవడం లేదు. ఆ కథలో మీరు ఎక్కడా లేకపోవడం కూడా ఆమె చూసి ఉంటారు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. అన్నగారు పాలకేంద్రానికి వెళ్ళిన వేళ వదినగారి దగ్గర కూర్చోండి. క్షమించమని మొదట అడగండి, వివరణ తరువాత. ఆ భాగం తీసేస్తానని చెప్పండి. ఉంచడానికి అనుమతి మాత్రం అడగకండి, ఎందుకంటే మీరు అడిగితే ఆమె కాదనలేరు, ఇన్నేళ్ళూ కాదనలేదు. అన్నగారికి మీరేమీ చెప్పవద్దు. ఆ సంగతి ఆయనకు చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో ఆమె ఇష్టం.

ఆ పిల్లతో విడిగా మాట్లాడండి. తల్లి రహస్యాన్ని మనసులో పెట్టుకుని ఆమె ఇప్పుడు రోజూ తండ్రి ఎదుట కూర్చుని అన్నం తింటోంది, ఆ స్థితి మీరు తెచ్చిపెట్టినదే. తన ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలును ఆమె ఎదుటే తీసివేయించండి. నవలను తమ్ముడి దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలని ఉంటే, ఈసారి టైపు మీరే చేసుకోండి. పోటీ గడువు నెలాఖరుకు ముగుస్తుందని రాశారు, ఈ ఏడాదికి దాన్ని వదిలేయండి.