పాత బ్యాండ్ క్యాసెట్ మూగగా వినిపిస్తోందా, పారేయకు

తమ్ముడూ, మీ రాయగడ బ్యాండ్ సొంత పాటల క్యాసెట్ గుడ్డ కప్పినట్టు వినిపిస్తోందన్నావు కదా, టేప్ పోయిందనుకోకు. మాది పర్లాకిమిడి, మా బ్యాండూ ఎనిమిది నెలలే నడిచింది, మా టేప్‌కీ ఇదే అయింది. ముందు టేప్ వెనకాల, దాన్ని హెడ్‌కి అదిమిపెట్టే చిన్న ఫెల్ట్ (మెత్తటి ఉన్ని) ముక్క ఉందో లేదో చూడు, మాది జిగురు ఊడి రాలిపోయింది, స్క్రూలున్న వేరే క్యాసెట్‌లోకి రీళ్లు మార్చేశా. తర్వాత ప్లేయర్ హెడ్‌ని, అంటే టేప్‌కి తగిలి పాట చదివే లోహపు ముక్కని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడువు, గోధుమరంగు మడ్డి వస్తుంది. అప్పటికీ మసగ్గా ఉంటే, పాట నడుస్తుండగానే, హెడ్ పక్కన స్ప్రింగున్న స్క్రూని కొంచెం కొంచెం తిప్పు, డ్రమ్స్‌లో సింబల్ (ఇత్తడి తాళం) స్పష్టంగా టింగుమన్న చోట ఆపెయ్. హెడ్‌ఫోన్ జాక్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి వైర్ పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైల్‌గా దాచుకో, ఎంపీత్రీ తర్వాత చేసుకోవచ్చు. పాటల మధ్య గ్యాప్‌లు మాత్రం కొయ్యొద్దు, మా డ్రమ్మర్ ఒరియాలో "ఎక, దుయి, తిని" అనడం నాకు అక్కడే దొరికింది, ఎన్నిసార్లు విన్నానో.