లాగింగ్ సాఫ్ట్‌వేర్ సరే, ముందు గడియారం సంగతి చూసుకో తమ్ముడూ

ఒహాయోలో కొలంబస్ వచ్చి నాలుగు నెలలైంది, హామ్ రేడియో జనరల్ లైసెన్స్ పాసయ్యాను, బాల్కనీలో యాంటెన్నా తీగ కట్టాను, ఇక లాగ్ (రేడియోలో ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న చిట్టా) రాసుకోవడానికి లాగ్4ఓఎం మంచిదా, ఎన్3ఎఫ్‌జేపీ మంచిదా, క్యూఆర్‌జడ్ లాగ్‌బుక్ సరిపోతుందా అని అడిగావు. 2006లో నేనూ ఇలాగే అడిగాను తమ్ముడూ. అయిదారు పేర్లు చెప్పారు గానీ అసలు సంగతి ఒక్కళ్లూ చెప్పలేదు. (మాకప్పుడు జనరల్‌కి మోర్స్ పరీక్ష కూడా ఉండేది, నిమిషానికి అయిదు మాటలు. 2007లో ఎత్తేశారు, మీ అదృష్టం.)

హైదరాబాద్‌లో వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్‌తో (లైసెన్సుతో ఇచ్చే రేడియో పేరు) ఉన్నన్నాళ్లూ నా లాగ్ నోటుపుస్తకమే. చేతి గడియారం చూడ్డం, అయిదున్నర గంటలు తీసేసి యూటీసీ (హామ్‌లంతా లాగ్‌లో రాసే ప్రపంచ టైము) రాయడం, అంతే. అది వేళ్లకు ఎంత అలవాటైందంటే ఇక్కడికొచ్చాక కూడా ఒహాయో టైములోంచి అయిదున్నర తీసేస్తూ పోయాను! ఇక్కడ తీసేది కాదు, కలపాలి, ఎండాకాలం నాలుగు, చలికాలం అయిదు. ఎండాకాలంలో రాత్రి తొమ్మిదికి ఎవరితోనో మాట్లాడితే యూటీసీలో అది మర్నాటి తేదీతో అర్ధరాత్రి దాటాక ఒంటిగంట, నేనేమో అదే రోజు మధ్యాహ్నం మూడున్నర అని రాసుకున్నాను. దానికి తోడు తేదీల గోల. 5/3 అంటే మనకు మార్చి, వీళ్లకు మే. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు సగం ఒకలా, సగం ఇంకోలా కొట్టాను.

ఆ లాగంతా లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్‌కి పంపాను, ఇద్దరి లాగులూ పోల్చి కాంటాక్టును కన్ఫర్మ్ చేసే సైటు అది. రెండు వైపులా రాసిన టైముల మధ్య అరగంటకు మించి తేడా ఉంటే అది కాంటాక్టును కలపదు. మూడు నెలలు చూశాను, ఒక్కటంటే ఒక్కటి కన్ఫర్మ్ కాలేదు. అప్పుడు నాకేమనిపించిందో చెప్తే నవ్వుతావు. మన యాస విని వీళ్లెవరూ మనల్ని లాగ్‌లో రాసుకోవట్లేదు అనుకున్నాను. నిజంగా. ఆఫీసు నుంచి రావడం, పెరుగన్నం తినడం, రేడియో ముందు కూర్చుని ఆ సున్నా వంక చూడ్డం. బయట మంచు. ఇంటికి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను అమ్మా" అనడం. చివరికి క్లబ్బులో ఒక పెద్దాయన నా పుస్తకం తిరగేసి, ఈ టైములేంటి నాయనా అని అడిగేదాకా విషయం తెలియలేదు. సరిచేసి మళ్లీ పంపితే వారంలో అరవై పైచిలుకు కన్ఫర్మయ్యాయి. అంటే వాళ్లంతా నన్ను రాసుకునే ఉన్నారు.

అందుకే చెప్తున్నాను, కంప్యూటర్ గడియారం చూసి యూటీసీని తనే వేసుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా నీకు మంచిదే. లెక్క నువ్వు కట్టకు. లాగ్‌ని ఏడీఐఎఫ్ ఫైల్‌గా (ఏ లాగింగ్ సాఫ్ట్‌వేరైనా చదవగలిగే రకం) బయటికి తీయనివ్వాలి, ఇది లేనిదాని జోలికి పోవద్దు. నా మొదటి ల్యాప్‌టాప్ పోయినప్పుడు పద్నాలుగు వందల కాంటాక్టులు దానితోపాటే పోయాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ ఫైల్‌ని నాకు నేనే మెయిల్ చేసుకుంటాను.

ఇంకో తప్పు మనలాంటివాళ్లే చేస్తారు. ఇండియాలో వీయూ3తో చేసినవీ ఇక్కడి కాల్‌సైన్‌తో చేసినవీ ఒకే కుప్పలో వేసి పంపకు. ఏ కాల్‌సైన్‌కి ఆ కాల్‌సైన్ సర్టిఫికెట్ (లాగ్ నీదేనని చెప్పడానికి లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్ ఇచ్చే డిజిటల్ గుర్తింపు) విడిగా ఉండాలి. పైగా రెండు దేశాల నుంచి చేసినవి కలిపి ఒకే డీఎక్స్‌సీసీకి (వంద దేశాలతో మాట్లాడితే ఇచ్చే అవార్డు) లెక్క వేయరు. ఆ సర్టిఫికెట్ కోసం పోస్టుకార్డు, లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ దగ్గర ఉన్న నీ అడ్రసుకే వస్తుంది, నువ్వు అపార్ట్‌మెంట్ మారితే ముందు అది మార్చుకో. మిగతా రూల్సు సైట్లో ఉన్నాయి, చదువుకోగలవు.

ఇక పేర్లు. విండోస్ అయితే లాగ్4ఓఎం, ఉచితం, మొదట్లో కాస్త గజిబిజి. ఎన్3ఎఫ్‌జేపీకి డబ్బు కట్టాలి, కానీ గంటలో వాడకం వచ్చేస్తుంది. మ్యాక్ అయితే రమ్‌లాగ్. పోటీలకు చాలామంది వాడేది ఎన్1ఎంఎం. నేనొకసారి ఏటా డబ్బు కట్టే పెద్ద ప్యాకేజీ కొన్నాను, అందులో వాడింది గడియారమొక్కటే.

నేను మాత్రం చూసేది ఇంకోటి. కాల్‌సైన్ కొట్టగానే పాత కాంటాక్టులూ, అప్పుడు రాసుకున్న నోట్సూ కంటికెదురుగా రావాలి. ఇండియానాలో ఒక రిటైరైన ఆయనతో ఓసారి మాట్లాడితే, భార్యకు మోకాలి ఆపరేషన్ అన్నాడు, ఊరికే రాసిపెట్టాను. నాలుగు నెలల తర్వాత మళ్లీ తగిలాడు, స్క్రీన్ మీద ఆ ముక్క కనపడింది, ఆవిడ మోకాలు ఎలా ఉందండీ అన్నాను. కాసేపు అటునుంచి ఏమీ రాలేదు, బ్యాండ్ పోయి సిగ్నల్ తెగిందేమో అనుకున్నాను. తర్వాత నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కి మూడు గంటలు కారు నడుపుకుంటూ వాళ్లింటికి వెళ్లాను, వాళ్లావిడ నాకోసం విడిగా బీన్స్ కూర వండింది.

నువ్వు ఎఫ్‌టీ8తో (నోటి మాట లేకుండా కంప్యూటర్లతో చేసే పద్ధతి) రోజుకు యాభై కాంటాక్టులు చేస్తున్నానని గొప్పగా రాశావు. పదిహేను సెకన్లకోసారి కంప్యూటర్లు పలకరించుకుంటాయి, దాన్ని నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ లాగ్ కూడా తనే నింపి పెడుతుంది, బాగానే ఉంది, యాస టెన్షన్ కూడా లేదు. కానీ నాలుగు నెలలుగా నువ్వు నోరు తెరిచి ఎంతమందితో మాట్లాడావు? వారానికి రెండు రోజులు మైకు పట్టుకో. తప్పు మాట్లాడితే మాట్లాడావు.

జూన్ నాలుగో పూర్తి వారాంతంలో ఫీల్డ్ డే (హామ్‌లు ఆరుబయట రేడియోలు పెట్టి రాత్రింబవళ్లు కాంటాక్టులు చేసే కార్యక్రమం) ఉంటుంది, మీ ఊరి క్లబ్బు ఏదో పార్కులో టెంట్లు వేస్తుంది. లాగ్ రాసేవాళ్లు కావాలా అని అడుగు, రాత్రి రెండింటికి ఎప్పుడూ కావాలి. మైకు దగ్గర కూర్చున్నాయన చెప్పేది పక్కనుంచి టైప్ చేస్తూ ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ నీ చేతికి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. పులిహోర పట్టుకెళ్లు, చేతులకు అంటకుండా స్పూన్లు కూడా. కీబోర్డు వాళ్లది.