ఎర్ర గీత కింది వాక్యం

ప్రశ్న: మామగారు పక్షవాతంతో మంచం పట్టి 14 నెలలైంది. రాత్రి మూడుసార్లయినా లేవాలి. రెండు నెలల క్రితం మా అమ్మ పోయింది. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను. మావారు సంఘంలో పెద్ద. నేను డీలాపడినప్పుడల్లా ‘శ్రమదినమున నీవు క్రుంగినయెడల నీవు చేతకానివాడవగుదువు’ అని చదువుతారు. నా బైబిల్లో దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు. నాకు షుగరు ఉంది. 40 రోజులు ఉపవాస ప్రార్థన చేస్తే విశ్వాసం బలపడుతుందా?

జవాబు: వద్దమ్మా. షుగరు మాత్రలు మింగుతూ 40 రోజులు పస్తులా? ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నన్ను కుదిపింది ఆ ఎర్ర గీత. మీవారు సామెతలు 24వ అధ్యాయంలో పదో వచనం దగ్గరే ఆగిపోయారు. పదకొండోది దాని కిందే ఉంది: ‘నాశమునందు పడుటకు జోగుచున్నవారిని నీవు రక్షింపుము.’ ఆ తర్వాతి వచనం ఇంకా ఘాటైనది. ‘మాకు తెలియదు’ అని తప్పించుకుంటే హృదయాలను శోధించేవాడు గ్రహించడా అని అడుగుతుంది. ఆ కుళాయి చప్పుడు ఇన్నాళ్లుగా ఆయనకు వినబడలేదంటే నేను నమ్మను.

ఏలీయా సంగతి మీకు తెలిసిందే. యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునన్నాడు. కర్మెలు కొండ మీద అగ్నిని రప్పించిన ప్రవక్త! దేవదూత వచ్చి ఆయనకు వాక్యం వినిపించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి తలదగ్గర పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ‘నీ శక్తికి మించిన ప్రయాణము’ ఉంది, భోజనం చేయమన్నాడు. ఆ తిండి బలంతోనే 40 రాత్రింబగళ్లు హోరేబు కొండ దాకా నడిచాడు. మీరడిగిన 40 రోజులు అక్కడా ఉన్నాయి, కానీ ముందు తిండి, నిద్ర.

అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. బలహీనతలోనే తన శక్తి పరిపూర్ణమవుతుందని ప్రభువు చెప్పిన మాట అది. కుంగినవాళ్ల నోరు మూయించడానికి దాన్ని వాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మామగారి సేవ మానేయమని నేననను. అంత మాట నా నోట రాదు. అయితే ఆయన మీవారికి కన్నతండ్రి. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ కోడలికి అప్పగించి కొడుకు తప్పుకోవడానికి వీల్లేదు. యుద్ధంలో తనవాళ్లు గెలవాలని పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు ఆయనను రాతి మీద కూర్చోబెట్టి, చెరోవైపు నిలబడి, పొద్దుగుంకే దాకా పట్టుకున్నారు. చేతులు దించావేమని ఎవరూ నిలదీయలేదు.

ఈ రాత్రి ఆ పేజీ ఆయన ముందు తెరిచి, పదకొండు, పన్నెండు వచనాలు ఆయన చేతే చదివించండి. తర్వాత వారంలో నాలుగు రాత్రులు మామగారి గదిలో పడుకోమనండి. బతిమాలకండి, చెప్పండి. సంఘం పని ఉందంటే, ఆ నాలుగు రాత్రులకు మనిషిని పెట్టి జీతం ఆయననే ఇవ్వమనండి. మీ అమ్మ కోసం ఏడుపొస్తే మాత్రం కుళాయి కట్టేసి ఏడవండి.