ఫిజీ బయల్దేరుతున్న మేనకోడలికి: అక్కడివాళ్ళ మాట ఎలా వినాలో, ఎంత నమ్మాలో

అమ్మడూ,

మే నెలలో న్యూజిలాండ్‌లోని ఓపువా నుంచి ఫిజీకి బయల్దేరుతున్నాం మామయ్యా, ఏమైనా చెప్పు అని అడిగావు కదా. ఇంజిన్ గురించీ తెరచాపల గురించీ నీకూ అబ్బాయికీ బాగానే తెలుసు, ఆ వెయ్యి పైచిలుకు మైళ్ళు కూడా మీరు ఓ పది రోజుల్లో దాటేస్తారు, నా బెంగంతా దాటేశాక రీఫ్‌ల మధ్య, అంటే నీళ్ళ కింద పగడపు దిబ్బల మధ్య, తిరిగే రోజుల గురించే. అక్కడ చార్టు ఒక్కటే పట్టుకుంటే కుదరదు, ఊళ్ళోవాళ్ళని అడగాలి. అందరూ అడుగుతారు, కానీ విన్నమాట ఎంతవరకూ పనికొస్తుందో చూసుకునేవాళ్ళు తక్కువ. నేనూ మొదట్లో చూసుకోలేదు.

ఫిజీలోని యాసవ దీవుల్లో ఒక చిన్న బే ముందు ఆగి, ఫైబర్ పడవలో వెళ్తున్న ఒకతన్ని లోపల నీళ్ళున్నాయా అని అడిగా. ఉన్నాయి ఉన్నాయి, చాలా ఉన్నాయి అని నవ్వుతూ చెయ్యూపాడు. లోపలికెళ్ళి లంగరేసి అన్నం వండుకుని పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక పాటు బాగా దిగింది, కింద నుంచి ఒక మొద్దు చప్పుడు, స్టవ్ మీద గిన్నె కదిలింది, మళ్ళీ ఇంకో చప్పుడు. టార్చి వేసి చూస్తే చుక్కాని పక్కనే గోధుమరంగు పగడపు బండ, దాని మీద చారల చేపపిల్లలు తిరుగుతున్నాయి, చెయ్యి చాపితే అందేంత దగ్గర. పోటు ఎక్కేదాకా కీల్, అంటే పడవ అడుగున కిందకి దిగే రెక్క, తగులుతూనే ఉంది, నాకు ఒక్కో దెబ్బా గుండెల మీద పడినట్టే ఉంది. పొద్దున్నే అతనే వచ్చి తాడు పట్టి సాయం చేశాడు పాపం. అతను అబద్ధం చెప్పలేదమ్మా, అతని పడవకి మోకాలి లోతు నీళ్ళుంటే చాలు, మా కీల్ రెండు మీటర్లు దిగుతుంది, ఆ మాట నేను చెప్పలేదు, అతనికి తెలిసే దారీ లేదు.

అందుకే ఎవరేం చెప్పినా ముందు చెప్పేది ఏ పడవ మీద నుంచో చూడు. అతను తన చేత్తో చేసింది, తన కంటితో చూసింది ఏదో అది బంగారం, అంతకుమించి చెప్పేది మర్యాద కోసం చెప్పేదే. అక్కడి జనం చాలా మంచోళ్ళు, వచ్చినవాళ్ళకి కాదు లేదు అని చెప్పటానికి మొహమాటపడతారు, నీళ్ళున్నాయా అంటే ఉన్నాయనే అంటారు, ఇటు వెళ్ళొచ్చా అంటే వెళ్ళొచ్చనే అంటారు. అవును కాదు అని తేలిపోయే ప్రశ్న అసలు వెయ్యకు. మా కీల్ ఇంత దిగుతుంది అని చేత్తో చూపించి, మీరైతే ఈ పడవని రాత్రికి ఎక్కడ ఉంచుతారు అని అడుగు. ఇక్కడ డైవ్ చేస్తారా, బాగా పాటు దిగినప్పుడు ఆ బండ మీద ఒక నిలువు నీళ్ళుంటాయా రెండు నిలువులా అని అడుగు. మా చిన్నప్పుడు కాకినాడ రేవులో పెద్దవాళ్ళు బారల్లో లోతు చెప్పేవాళ్ళే, మనిషి తన ఒంటితో కొలిచి చెప్పిన లెక్క ఎక్కడైనా ఒకటే. సరుకుల పడవ వస్తుందా, వస్తే ఎటువైపు నుంచి వస్తుంది అనేది ఇంకా మంచి ప్రశ్న, ఎందుకంటే దాని అడుగు కూడా లోతే.

అడిగే ముందు అడిగే అర్హత తెచ్చుకోవాలి. అక్కడ రీఫ్ ఊరిది, గోలిగోలి అంటారు, ఆ నీళ్ళలో చేపలు పట్టే హక్కు తరతరాలుగా వాళ్ళది, మనం లంగరేశామంటే ఒకరి వాకిట్లో నిలబడ్డట్టే. ముందు ఒడ్డుకెళ్ళి తురంగ ని కోరోని, అంటే ఊరి పెద్దని, కలిసి సేవుసేవు, అంటే కానుక పెట్టి అనుమతి అడగటం, చెయ్యండి, ఈతా చేపలూ ఏవైనా ఆ తర్వాతే. టోపీ, కళ్ళద్దాలు తీసెయ్యాలి, మోకాళ్ళు కప్పేలా సులు, అంటే లుంగీ లాంటి గుడ్డ, కట్టుకోవాలి, సంచి భుజానికి తగిలించుకోకుండా చేత్తో పట్టుకోవాలి. ఆ కానుక యంగోనా, అంటే కవా మొక్క, వేర్ల కట్ట, అరకిలో దాకా, చాప మీద వాళ్ళ ముందు పెట్టాలి. ఆ వేర్లతో చేసిన పానీయం బిలోలో, అంటే కొబ్బరిచిప్పలో, పోసి ఇస్తే ఒకసారి చప్పట్టు కొట్టి గుక్కలో తాగేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాలి, నాలుక మొద్దుబారుతుంది, కంగారుపడకు. రాత్రి తానోవా, అంటే ఆ పానీయం కలిపే చెక్క గిన్నె, చుట్టూ కూర్చున్నప్పుడు అసలు కబుర్లు వస్తాయి, అప్పుడు నువ్వు ప్రశ్న వెయ్యక్కర్లేదు, ఎవరి పడవ ఎప్పుడు ఎక్కడ తగిలిందో వాళ్ళే చెప్తారు, అది విను.

ఇంకోటి, నువ్వు ఆడపిల్లవి కాబట్టి నీకు నాకు దొరకనిది దొరుకుతుంది. పాటు దిగినప్పుడు రీఫ్ మీద నడిచి గవ్వలూ నాచూ ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే, ఏ బండ ఎప్పుడు తేలుతుందో వాళ్ళ కాళ్ళకి తెలుసు. వాళ్ళతో ఒక పూట నడిచిరా.

గాలి సంగతి మర్చిపోవద్దు. ఈ బే మంచిది అన్నారంటే ఆగ్నేయం గాలికి మంచిది అని అర్థం, అక్కడ సీజనంతా ఎక్కువగా అదే గాలి. యాసవల్లో లంగరు చోట్లు చాలావరకు పడమటి వైపే ఉంటాయి. మధ్యలో ట్రఫ్, అంటే అల్పపీడన ద్రోణి, వచ్చి గాలి ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగిందా, అదే బే రాత్రికి రాత్రి తీరం మీదకి తోసేస్తుంది. అందుకే ఏ గాలికి మంచిది, వాయవ్యం వస్తే మీ పడవలు ఎక్కడ పెట్టుకుంటారు అని తప్పకుండా అడుగు. సీమపనస విపరీతంగా కాస్తే ఆ ఏడు తుఫాను వస్తుందని పెద్దాళ్ళు చెప్తారు, గౌరవంగా విను, పుస్తకంలో రాసుకో, కానీ లంగరు ఎత్తేది మాత్రం నాడి అనే ఊళ్ళో ఉన్న ఫిజీ వాతావరణ కేంద్రం బులెటిన్ చూసే. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం, ఆ లోపు తిరిగొచ్చెయ్యాలి, ఇందులో ఎవరి మాటా వినను.

చేపల విషయంలో మాత్రం ఊరివాళ్ళ మాటే వేదం, అదీ ఆ రీఫ్ ఊరివాళ్ళదే. సిగువాటెరా అని ఒక విషం, రీఫ్ నాచు మీద బతికే కంటికి కనపడని జీవి నుంచి చిన్న చేపల్లోకీ వాటి నుంచి పెద్ద చేపల్లోకీ చేరుతుంది, వండినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు, రుచీ వాసనా తేడా ఉండదు. మాతో వచ్చిన ఒకాయన పక్క దీవిలో ఎవరో పర్లేదన్నారని బారాకుడా తిన్నాడు. ఆ రాత్రికి వాంతులు, మర్నాటికి పెదాలు జివ్వుమనటం, చల్లనీళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలినట్టుందని గ్లాసు వదిలేశాడు, కొన్ని వారాలు అలాగే ఉంది. విరుగుడు మందు లేదు. పర్లేదన్నవాడు తన రీఫ్ చేప గురించి చెప్పాడు, ఈయన పట్టింది వేరే రీఫ్‌లో. ఒక రీఫ్‌లో మంచిదైన చేప పక్క రీఫ్‌లో విషం అవుతుంది. ఇక్కడ పట్టిన ఈ చేప మీ ఇంట్లో పిల్లలకి పెడతారా అని అడుగు. ఈగ వాలకపోతే విషం, వెండి నాణెం నల్లబడితే విషం అని కూడా చెప్తారు, అవి నమ్మొద్దు. పెద్ద బారాకుడా, మోరే ఈల్ ఎవరిచ్చినా తినొద్దు.

తోటి యాట్‌వాళ్ళు ఇచ్చే జీపీఎస్ పాయింట్లు కూడా జాగ్రత్త. 17 డిగ్రీల 30.50 నిమిషాలు అని రాసుకున్నదాన్ని 30 నిమిషాల 50 సెకన్లు అని కొట్టావంటే 600 మీటర్ల తేడా, రీఫ్ సందు అంతకన్నా చాలా ఇరుకు. ఎవరు తీశారు, ఏ సంవత్సరం, వాళ్ళే స్వయంగా వెళ్ళారా ఇంకొకరి దగ్గర రాసుకున్నారా అనేది అడుగు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఊళ్ళకి ఊళ్ళే ఊడ్చేసింది, అలాంటి దాని ముందు రాసుకున్న బీకన్ కర్ర, అంటే దారి చూపే గుర్తు కర్ర, తర్వాత ఉంటుందన్న గ్యారంటీ ఏముంది. శాటిలైట్ ఫోటో మీద పాయింట్ పెట్టి చూసుకుని, ఎండ బాగా పైకొచ్చాక, సూర్యుడు వీపు వెనక ఉండగా, ఒకరు ముందు నిలబడి నీటి రంగు చూస్తూ వెళ్ళండి. ఎవరు ఎంత గట్టిగా చెప్పినా గోధుమరంగు కనపడితే ఆగిపోవాలి.

లౌతోకా, బా అనే ఊళ్ళ వైపు మనవాళ్ళ వారసులు కనిపిస్తారు, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూడా చెరకు తోటల కూలీకి తీసుకెళ్ళారు కదా. తెలుగు వచ్చినవాళ్ళు బాగా తక్కువ, ఫిజీ హిందీ మాట్లాడతారు, అయినా నువ్వు ఆంధ్రా అంటే ఇంటికి భోజనానికి పిలుస్తారు, వెళ్ళు. డీజిల్ మెకానిక్ ఎవడు మంచోడు, వెల్డింగ్ ఎక్కడ అనేది వాళ్ళని అడుగు, రీఫ్ గురించి మాత్రం రీఫ్ ఊరివాళ్ళనే అడుగు.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని మాట చెప్పిన మనిషి, అతని పడవ, తేదీ, గాలి, పోటో పాటో అన్నీ పక్కనే రాయి, మీరు వెళ్ళి చూశాక నిజమో కాదో అదే లైను కింద రాయి. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే మాట చెప్తే, ఒకరి దగ్గర విని ఇంకొకరు చెప్పట్లేదు కదా అని కూడా చూసుకో.

లౌతోకా మార్కెట్లో యంగోనా కొనేటప్పుడు పొడి వద్దు, వేర్ల కట్టే అడుగు, ఒక పది కట్టలు కట్టించుకో, దూరం దీవుల్లో దొరక్కపోవచ్చు, తడి తగలకుండా కాగితంలో చుట్టి పైన ప్లాస్టిక్ వేసి పెట్టు. చేరగానే మీ అమ్మకి ముందు ఫోన్ చెయ్యి, తర్వాత నాకు.

మామయ్య