జింక గుద్దితే డబ్బులెవరిస్తారు?

నాయనా,

నిన్న సాయంత్రం మీ నాన్న పలమనేరు బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. కాఫీ కూడా ముట్టుకోకముందే అడిగాడు: "ఏమన్నా, పిల్లోడి కారుకు జింక అడ్డమొచ్చి ముందరంతా నుజ్జయిందంట. ఆడ ఫారెస్టోళ్ళు డబ్బులిస్తారా?" ఏనుగులు టమోటా తోట తొక్కితే మన దగ్గర వచ్చి రాసుకొని పోతారు, ఎప్పటికో ఎంతో కొంత ఇస్తారు కదా, ఆ లెక్కలో అడిగాడు పాపం. నేను నవ్వలేదు. 2006లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇదే మాట నేనొక పోలీసాయన్ను అడిగాను. ఆయన మాత్రం నవ్వాడు.

ఇవ్వరు. జింక సర్కారుదే కావచ్చు, బంపరు మాత్రం నీదే. నీకు ఇచ్చేది నీ ఇన్సూరెన్సే, అది కూడా నువ్వు కాంప్రహెన్సివ్ అనే ముక్క కొనుంటేనే. దొంగతనం, నిప్పు, వడగళ్ళు, కారు మీద చెట్టు పడటం, జంతువు తగలడం అన్నీ అందులోకే వస్తాయి. వట్టి లయబిలిటీ ఉంటే ఎదుటివాడి నష్టమే కడతారు. జింక ఎదుటివాడు కాదు.

నేను దీన్ని డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. హారిస్‌బర్గ్ దగ్గర ఉద్యోగం, చేతిలో 3,200 డాలర్లు పెట్టి కొన్న పాత కొరోలా. ఇన్సూరెన్సు వాళ్ళు కాంప్రహెన్సివ్ వేసుకుంటే నెలకు ఇంకో 14 డాలర్లు అన్నారు. అప్పుడు డాలరు 45 రూపాయలు. 14 డాలర్లంటే 630 రూపాయలు, ఇంట్లో రెండు వారాల కూరగాయలు, పాత కారుకు ఇంతెందుకులే అని వద్దన్నాను. ఆ రాష్ట్రంలో తప్పనిసరి లయబిలిటీ ఒకరి గాయాలకు 15 వేలు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు కలిపి 30 వేలు, ఎదుటివాడి ఆస్తి నష్టానికి 5 వేల డాలర్లు. అంతమటుకే తీసుకొని, ఎంత తెలివైనవాణ్ణో అని మీ అత్తకు ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా. పదకొండు నెలల్లో 154 డాలర్లు మిగిలాయి.

నవంబరు, సాయంత్రం అయిదున్నర, అప్పటికే చీకటి. మక్కజొన్న కోసేసిన చేను పక్కన రోడ్డు. ఒక జింక దాటిపోయింది. హమ్మయ్య అనుకొని బ్రేకు మీద కాలు తీశాను. దాని వెనకే రెండోది వచ్చింది. జింక ఒంటరిగా రాదని నాకెవరు చెప్పారు? రేడియేటరు పగిలి పచ్చటి నీళ్ళు రోడ్డంతా పారాయి. బాగుచేయడానికి 2,600 అన్నారు. పాత ఇనుము కింద 350కి అమ్మి, మూడు నెలలు తోటి ఉద్యోగికి పెట్రోలు డబ్బులిచ్చి ఆయన కారులో ఆఫీసుకు పోయాను. ఆ లెక్క రాసుకున్న డైరీ ఇప్పటికీ ఉంది.

ఇక నీ సంగతి. నిన్న వీడియోలో "నాకు ఫుల్ కవరేజ్ ఉంది మామా" అన్నావు చూడు, అదే నాకు భయం. కారు అమ్మేవాడు వాడే మాట అది. పాలసీలో ఆ పేరుతో ఏమీ ఉండదు. మీ కాలం పిల్లలు ఫోనులో నాలుగు సార్లు నొక్కి పాలసీ కొనేస్తారు, ఒక్క పేజీ చదవరు. నీది లోను కారు కాబట్టి బ్యాంకువాళ్ళే కాంప్రహెన్సివ్, ఇంకో బండికో చెట్టుకో గుద్దితే నీ కారుకు ఇచ్చే కొలిజన్, రెండూ కొనిపించి ఉంటారు. అయినా పాలసీ వివరాలన్నీ ఉండే డిక్లరేషన్ పేజీలో డిడక్టిబుల్, అంటే నష్టంలో నువ్వు భరించాల్సిన వాటా, ఎంతో చూడు. నష్టం 3,800 అయి, నీ డిడక్టిబుల్ 500 అయితే చేతికి వచ్చేది 3,300. వెయ్యి పెట్టుకొనుంటే 2,800. మిగతాది నీ జేబులోంచే. బాగయ్యేదాకా అద్దె కారు కావాలంటే అది వేరే ముక్క, కొనకపోతే అదీ నీ ఖర్చే.

ఇంకొకటి. జింకను తప్పించబోయి చెట్టుకు గుద్దుంటే అది జంతువు లెక్కలోకి రాదు, కొలిజన్ కింద పోతుంది. తప్పు ఎక్కువగా నీదే అని రాస్తారు, మరుసటి ఏడాది ప్రీమియం పెరగొచ్చు. జింకకే తగిలితే మామూలుగా నీ తప్పు కింద వేయరు. అందుకే అక్కడివాళ్ళు స్టీరింగు తిప్పొద్దు, బ్రేకు తొక్కుతూ నేరుగా పో అంటారు. మన తిరుమల ఘాట్ రోడ్డులో వేగం పోకుండా కొండెక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదని టైము కట్టడి ఉంది, అక్కడ అట్లా ఆపేవాడు ఉండడు. నవంబరు మొదటి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి పోయాక ఆఫీసు వదిలే వేళకు చీకటి, జింకల జతకాలమూ అదే.

కారు కడగలేదు కదా? 2011లో రెండో జింక తగిలినప్పుడు నాకు కాంప్రహెన్సివ్ ఉంది, బుద్ధి లేదు. రక్తం చూడలేక తెల్లారేసరికి 8 డాలర్లు పెట్టి కడిగించేశాను. కంపెనీ మనిషి వచ్చి, జింక అనడానికి గుర్తేదీ, లేకపోతే కొలిజన్ కింద రాస్తాను అన్నాడు. నా డిడక్టిబుల్ కాంప్రహెన్సివ్‌కు 250, కొలిజన్‌కు వెయ్యి. మోకాళ్ళ మీద కూర్చొని టార్చి పెట్టి వెతికితే హెడ్‌లైటు పగులులో రెండు వేళ్ళ మందం గోధుమరంగు వెంట్రుకలు ఇరుక్కొని కనిపించాయి. తలనీలాలు వేలం వేసే ఊళ్ళో పుట్టాను, జుట్టుకు విలువ ఉంటుందని తెలుసు. కానీ చిటికెడు వెంట్రుకలకు 750 డాలర్లు పలకడం ఆ రోజే చూశాను.

మీ నాన్న ఇదంతా విని, "మన బొలెరోకు ఏనుగు తగిలితే?" అన్నాడు. చూస్తే ఆయనకున్నది థర్డ్ పార్టీ ఒక్కటే! కుప్పం రోడ్డులో రాత్రిళ్ళు తిరిగే మనిషి. అది చట్టం అడిగేది, ఆయన బండికి పైసా రాదు. సొంత బండి నష్టానికి ఓన్ డ్యామేజ్ కావాలని చెప్పాను. ఎంతవుతుందని అడిగి, వినగానే టాపిక్ మార్చాడు. ముమ్మూర్తులా 2006లో నేనే.

డిక్లరేషన్ పేజీ, గుద్దిన చోటి ఫోటోలు, పోలీసు రిపోర్టు ఉంటే దాని నంబరు నాకు పంపు. మీ నాన్న రేపు పది గంటల బస్సుకు పోతాడు. ఆయన ఎక్కేలోపల నీ చేతికి ఎంత వస్తుందో చెప్పి పంపుతాను, లేకపోతే దారంతా నిద్రపోడు.