ఆదివారాలు గదిలో గడపకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలోనే ఉంది. "వారమంతా స్కూల్లో బాగానే గడుస్తోంది పెద్దనాన్నా, ఆదివారం వస్తేనే ఏం తోచట్లేదు. వాలంటీర్లం ఐదుగురం గదిలో ఫోన్లు చూసుకుంటూ పడుకుంటున్నాం" అన్నావు. ఆదిలాబాద్ గోండుల గుట్టల్లో, ఉట్నూరులో ఉండి ఏం తోచకపోవడమా! ఆ గుట్టల్లో నేను 26 ఏళ్లు పంతులుగా చేశాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక మాట. నెట్‌లో చూసి జలపాతాల లిస్టు రాసుకోవద్దు. నీ క్లాసులో కూర్చున్న పిల్లల ఊళ్లే నీ లిస్టు. హాస్టల్లో పిల్లల్ని చూడటానికి అమ్మానాన్నలు వస్తారు కదా, అప్పుడు "వచ్చే ఆదివారం మీ ఊరికి రావచ్చా" అని అడుగు. కాదనేవాళ్లు ఉండరు. నేను మొదటి రెండేళ్లు అడగలేదు. సైకిలేసుకుని ఒక్కడినే తిరిగాను. చెట్టూ పుట్టా అన్నీ చూశాను, ఏదీ తెలియలేదు. మూడో ఏడు ఒక పిల్లాడి తండ్రి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. నేను వంద సార్లు దాటిపోయిన ఒక చెట్టు కింద ఆగి, చెప్పులు విడిచి దండం పెట్టాడు. అది వాళ్ల ఊరి దేవర ఉండే చోటు. అన్నాళ్లూ నేను దాని పక్కనే సైకిలు స్టాండు వేసేవాణ్ని.

ఊళ్లోకి పోగానే ముందు ఊరి పెద్ద పటేల్‌ను కలవండి. చెయ్యి కలపడం, హాయ్ అనడం వద్దు. "రామ్ రామ్" అంటే చాలు, ముఖాలు విప్పారతాయి. నాలుగు గోండి మాటలు కూడా నేర్చుకో. వాళ్లు నీళ్లను "ఏర్" అంటారు. మన ఏరు అనే మాటే అది. దప్పికై "ఏర్" అని అడిగి చూడు, చెంబుతో పాటు మంచం కూడా వాల్చుతారు. అక్షరాల మీద ఇష్టముంటే నార్నూరు మండలం గుంజాల పోయిరా. గోండి భాషకు సొంత లిపి ఉందని ఆ ఊళ్లో దొరికిన పాత రాతప్రతులే చూపించాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. పంతులమ్మగా పోయినదానివి, అది చూడకుండా రావద్దు.

కుంటాల జలపాతం సంగతి. మీరు ఎలాగూ పోతారని తెలుసు, కాబట్టి జాగ్రత్తగా చదువు. ఒక ఆగస్టులో ఎనిమిది మంది పిల్లల్ని తీసుకుని పోయాను. ఎండ కాస్తోంది, వాన జాడే లేదు. బండల మీద కూర్చుని అటుకులు తింటున్నాం. ఒక పిల్లాడు తినడం ఆపి నీళ్లకేసి చూసి, "సార్, నీళ్లు ఎర్రగైనయ్, లేవుండ్రి" అన్నాడు. నాకు తేడా కనిపించలేదు, అయినా లేచాను. మేం పైకెక్కి తిరిగి చూసేసరికి మేం కూర్చున్న బండ నీళ్లలో ఉంది. మన నెత్తి మీద ఎండ ఉన్నా, కడెం వాగుకు ఎగువన వాన పడితే చాలు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి. అందుకే వానాకాలంలో పైనుంచి చూసి వచ్చేయండి. దసరా తర్వాత పోతే నీళ్లు తేటపడతాయి, ధార కూడా బాగానే ఉంటుంది. అప్పుడైనా గుండంలోకి దిగొద్దు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ పోయారు.

జైనూరు దగ్గర మార్లవాయికి మాత్రం ఒక పూర్తి రోజు పెట్టు. 1940లో కొమురం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆ ఊళ్లోనే ఉన్నారు. ఇద్దరి సమాధులూ అక్కడే పక్కపక్కన ఉన్నాయి. బయటి నుంచి వచ్చినవాళ్లను ఒక ఊరు ఎంత దగ్గరికి తీసుకుంటుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. గోండుల గుస్సాడీ నృత్యానికి పేరుపడ్డ కనకరాజు గారిది కూడా ఆ ఊరే, 2021లో పద్మశ్రీ వచ్చింది. దీపావళి ముందు రోజుల్లో ఆ గుస్సాడీలతో దండారీ బృందాలు ఊరూరా తిరుగుతాయి. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర. దాన్ని డ్యాన్స్ ప్రోగ్రామ్ అనొద్దు బిడ్డా. ఆ దీక్షలో ఉన్న మనిషిని వాళ్లు దేవుడిగానే చూస్తారు. పక్కన నిలబడి సెల్ఫీ అడగడం తప్పు.

అక్కడికి దగ్గర్లోనే ఉషేగావ్. ఓజాలు ఇత్తడి పోత పోసే ఊరు. అక్కడ గంటసేపు ఊరికే కూర్చో. మట్టి, పేడ కలిపి లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. తేనెమైనాన్ని దారంలా సన్నగా తీసి, సందు లేకుండా ఆ ముద్ద చుట్టూ చుడతారు. రేపు ఇత్తడి మీద కనిపించే గీతలు ఆ మైనపు పోగులవే. పైన మళ్లీ మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టి పగలగొట్టాల్సిందే. అంటే ఒక మూసకు ఒక్కటే బొమ్మ, అలాంటిది రెండోది ఉండదు. అది కళ్లారా చూశాక నీకు బేరమాడ బుద్ధి కాదు, ఆడొద్దు కూడా. నిర్మల్ బొమ్మలు ఇంటికొచ్చే దారిలో ఎప్పుడైనా చూడొచ్చు, వాటి కోసం ఇప్పుడే పరుగెత్తకు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగదేవుడు నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు చెప్పుల్లేకుండా నడిచి గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. కొత్త కోడళ్లను తెల్లబట్టల్లో దేవుడి ముందుకు తెచ్చి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అధికారులు అర్జీలు తీసుకునే దర్బార్ రోజు జనంలో మీకు ఏమీ కనిపించదు. అంతకు ముందే పోయి, మెస్రంలు బస చేసే మర్రిచెట్ల దగ్గర పెద్దవాళ్లతో మాట్లాడండి. దారిలో ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగండి. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభకు వచ్చిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. నీ క్లాసులో ఆ ఇళ్ల పిల్లలు ఉండొచ్చు.

భీమ్ నేలకొరిగిన జోడేఘాట్‌కు ఆశ్వయుజ పౌర్ణమికి పోతే భీమ్ వర్ధంతి, మామూలు రోజుల్లో మ్యూజియం. కెరమెరి ఘాట్లో ఫోన్లు పలకవు, గదిలో ఒకరికి చెప్పి బయలుదేరండి. చివరి బస్సు టైము పొద్దున దిగేటప్పుడే కండక్టర్‌ను అడగండి. డిసెంబర్, జనవరి చలికి స్వెటర్ ఒక్కటి ఆగదు, దుప్పటి కూడా పెట్టుకో. మోదుగలు పూసే ఫాల్గుణం తిరగడానికి హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఎండలు ముదిరితే పది లోపు నీడకు చేరాలి.

మీ పెద్దమ్మ బస్సు పార్సిల్‌లో సకినాలు వేస్తోంది, రెండు డబ్బాలు. చిన్నది మీ ఐదుగురికి. పెద్దది మూత తీయకుండా ఉంచి, ముందుగా పిలిచిన పిల్లాడి ఇంటికి తీసుకుపో.

మీ పెద్దనాన్న