బెస్ట్ బిఫోర్ దాటిన ట్యూనా డబ్బాలు తినొచ్చా? – సమాధానం

మీ తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చిన మూడు ట్యూనా డబ్బాలకీ బెస్ట్ బిఫోర్ దాటి రెండు నెలలైందని, ఒకదానికి సొట్ట ఉందని, ఇంకోటి మూత ఉబ్బిందని రాశారు కదండి. ముందు ఆ ఉబ్బినదాన్ని పారేయండి. తెరిచి వాసన చూడటం, కాస్త నాలిక మీద వేసుకుని చూడటం అసలొద్దు, ఎందుకంటే చెడిన డబ్బాలో బాక్టీరియా వల్ల పుట్టే బొటులినమ్ అనే ప్రాణాంతక విషానికి వాసనా ఉండదు, రుచీ ఉండదు. కవర్లో గట్టిగా కట్టి, కుక్కలూ పిల్లులూ లాగని చోట పడేయండి.

మిగతావాటికి తేదీ గురించి టెన్షన్ అక్కర్లేదు. బెస్ట్ బిఫోర్ అంటే అప్పటిదాకా రుచి, రంగు బాగుంటాయని కంపెనీ చెప్పే మాట, మర్నాటికల్లా విషమైపోదు. యూజ్ బై అనో ఎక్స్‌పైరీ అనో ఉంటే మాత్రం దాటాక తినకండి. ఇక సొట్ట: డబ్బా నడుం మీద చిన్నదైతే పర్లేదు, అంచు అతుకు మీద పడినా, వేలు దూరేంత లోతున్నా అదీ చెత్తబుట్టలోకే.

అన్నట్టు, మన కోనసీమ గాలికి రేకు ఇట్టే తుప్పు పడుతుంది. గుడ్డతో తుడిస్తే పోయేదైతే సరే, గీకినా పోకపోతే ఆ డబ్బా పారేయండి. వరద నీళ్లలో నానిన డబ్బా లేబుల్ కింద ఈ తుప్పు కనపడదు, లేబుల్ పీకి చూడాల్సిందే.

తెరిచినప్పుడు రసం చిమ్మితే వాడొద్దు. మిగిలితే గాజు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి 3, 4 రోజుల్లో అవగొట్టేయండి.